ఇరవై పుస్తకాల సిరీస్‌లో కొత్త థ్రిల్లర్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

సిరీస్‌లో ఇరవయ్యో పుస్తకం వచ్చింది. ముందువి పంతొమ్మిదీ చదవలేదు, లేదంటే ఎప్పుడో చదివి మర్చిపోయారు. ఇలాంటప్పుడు చాలామంది పట్టుదలగా మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టి నాలుగోదాని దగ్గర వదిలేస్తారు. కొత్తది అల్మారాలో అలాగే ఉండిపోతుంది. అంత అవసరం లేదు. ముందువాటిలో రెండో మూడో చదివితే చాలు, కాకపోతే అవి సరైనవి అయ్యుండాలి. ఆ తర్వాత కొత్త పుస్తకాన్ని కాస్త పద్ధతిగా చదివితే హంతకుణ్ణి డిటెక్టివ్ కంటే ముందే పట్టుకునే అవకాశం మీకూ ఉంటుంది. మిస్టరీ చదవడంలో అసలు ఆనందం అదే.

ముందు చదవాల్సినవి ఏవి

ప్రతి సిరీస్‌లోనూ రెండు కథలు నడుస్తుంటాయి. ఒకటి కేసు. అది సాధారణంగా ఆ పుస్తకంలోనే తేలిపోతుంది. రెండోది డిటెక్టివ్ సొంత కథ: పెళ్లి, విడాకులు, పై అధికారితో గొడవ, అసిస్టెంటుతో స్నేహం. ఇది ఒక పుస్తకంలోంచి ఇంకోదాంట్లోకి సాగుతూనే ఉంటుంది. ఈ రెండో కథకి రచయిత ఎంత చోటిచ్చాడన్నదాన్ని బట్టి మీరు ఎన్ని పాతవి చదవాలో తేలుతుంది.

ఇది షాపులోనే తేల్చుకోవచ్చు. మొదటి పది పేజీలు నిలబడి చదవండి. ఎవరో ఏమిటో చెప్పకుండా వచ్చేసిన పేర్లు ఎన్నో చూడండి. ఒకటి రెండయితే నేరుగా మొదలుపెట్టేయొచ్చు. నాలుగైదు ఉండి, పైగా పాత సంఘటనల ప్రస్తావన ప్రతి పేజీలోనూ తగులుతుంటే కనీసం దానికి ముందు పుస్తకమైనా చదవక తప్పదు. ఎర్క్యూల్ పొయిరో కేసులు చాలావరకు విడివిడివి, ఎక్కడ మొదలుపెట్టినా నష్టం లేదు. ఆఖరిది మాత్రం ఆఖరునే చదవాలి. దాన్ని అగాథా క్రిస్టీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టింది, 1975లో గానీ అచ్చు కాలేదు. రాబర్ట్ గాల్‌బ్రెయిత్ పేరుతో 2013 నుంచి వస్తున్న కార్మోరన్ స్ట్రైక్ సిరీస్ దీనికి పూర్తిగా భిన్నం. అందులో నాలుగో పుస్తకం మూడోది ఆగిన చోటే మొదలవుతుంది. 2025లో వచ్చిన ఎనిమిదోదాన్ని నేరుగా పట్టుకుంటే కేసు అర్థమవుతుంది గానీ, స్ట్రైక్‌కీ అతని భాగస్వామి రాబిన్‌కీ మధ్య ప్రతి మాట వెనక ఉన్న బరువు అందదు.

టైం తక్కువగా ఉంటే మూడు ఎంచుకోండి: మొదటిది, కొత్తదానికి సరిగ్గా ముందుది, మధ్యలో డిటెక్టివ్ జీవితం మలుపు తిరిగినది. ఈ మూడోది ఏదో నెట్‌లో వెతకబోతే కథంతా తెలిసిపోతుంది. సిరీస్ చదివిన స్నేహితుల్ని పుస్తకం పేరు మాత్రం అడగండి. ఎందుకో అడగొద్దు.

వరుస విషయంలో ఒక్కటే సలహా: కథలోని కాలాన్ని బట్టి కాకుండా అచ్చయిన వరుసలోనే చదవండి. జాక్ రీచర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. 2011లో వచ్చిన పదహారో పుస్తకం కథ అంతకు ముందే జరుగుతుంది. అలాగని దాన్ని ముందు చదివితే, హీరో గురించి పాఠకుడికి అప్పటికే తెలుసన్న ధైర్యంతో రచయిత చెప్పకుండా వదిలేసినవి ఎన్నో అర్థం కావు. వరుస తెలియకపోతే పుస్తకం మొదట్లో ‘ఇదే రచయిత ఇతర పుస్తకాలు’ అన్న పేజీ ఉంటుంది. చాలా ప్రచురణల్లో అది అచ్చయిన వరుసలోనే ఉంటుంది. అనుమానం ఉంటే కాపీరైట్ పేజీలో మొట్టమొదటి ముద్రణ సంవత్సరం చూసుకోండి, రీప్రింట్ సంవత్సరం కాదు.

వెనక అట్ట మీది సారాంశం మొదటి రెండు వాక్యాలకి మించి చదవొద్దు. కొత్త పుస్తకం వెనక అట్ట, పాత పుస్తకంలో ఎవరు చచ్చిపోయారో ఏ మొహమాటమూ లేకుండా చెప్పేస్తుంది.

హైదరాబాద్‌లో పుస్తకాలు సంపాదించడం

కొత్తది విడుదలైన వారంలో మనకి దొరికేది పెద్ద సైజు పేపర్‌బ్యాక్. దాదాపు 234 మిల్లీమీటర్ల ఎత్తు, 153 వెడల్పు. బరువు ఎక్కువ, మెట్రోలో ఒంటిచేత్తో పట్టుకుని చదవడం కష్టం. ఏడాది తర్వాత చిన్న సైజు వస్తుంది, ధర కూడా తగ్గుతుంది. ఆగగలిగితే ఆగండి. కాకపోతే ఈలోగా ఎవరో ఒకరు హంతకుడి పేరు చెప్పేస్తారన్న భయం ఉంటుంది. ఆ భయం నిజమైనదే, సిరీస్ మీద ప్రేమ ఉంటే మొదటి వారంలోనే కొనుక్కోండి.

పాతవాటికి అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ ఉంది, కోఠి సుల్తాన్ బజార్ వైపు పాత పుస్తకాల కొట్లున్నాయి, డిసెంబరు వస్తే ఇందిరా పార్కు ఎదురుగా ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్. అబిడ్స్‌కి పొద్దున్నే వెళ్లండి. మంచివి మధ్యాహ్నానికల్లా అయిపోతాయి, ఎండలో వంగి గుట్టలు తిరగేయడమూ కష్టమే. సిరీస్ పుస్తకాల జాబితా ఫోన్‌లో పెట్టుకోండి, అందులో ఒక్కో పుస్తకానికి ఉన్న రెండో పేరు కూడా రాసుకోండి. బ్రిటన్‌లో ఒక పేరుతో, అమెరికాలో ఇంకో పేరుతో వచ్చినవి పాత సిరీస్‌లలో చాలా ఉన్నాయి. మిస్ మార్పుల్ కేసు ఒకటి 1957లో బ్రిటన్‌లో ‘4.50 ఫ్రమ్ పాడింగ్టన్’, అమెరికాలో ‘వాట్ మిసెస్ మెక్‌గిల్లికడ్డీ సా!’. రెండూ కొంటే ఒకే పుస్తకానికి రెండుసార్లు డబ్బు పెట్టినట్టే.

పాత పుస్తకం కొనేముందు ఈ పరీక్ష తప్పనిసరి. పుస్తకం ఫారాలుగా అచ్చవుతుంది, ఒక్కో ఫారంలో మామూలుగా 16 పేజీలు, పెద్ద ప్రెస్సుల్లో 32. బైండింగ్‌లో పొరపాటు జరిగితే ఒక పేజీ పోదు, ఫారం మొత్తం పోతుంది, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది. కాబట్టి బొటనవేలితో పేజీలు జార్చుతూ పేజీ నంబర్లు మాత్రం చూడండి. 208 తర్వాత 209 ఉందా, లేక 225 ఉందా? ఈ పరీక్షకి నిమిషం పట్టదు. తర్వాత చివరి పేజీకి వెళ్లి, చదవకుండా, ఆఖరి వాక్యం పూర్తయిందో లేదో చుక్క చూసి తెలుసుకోండి. జిగురు బైండింగ్ ఎండలకి ఎండిపోయి పెళుసైతే ముందు ఊడేవి మొదటి ఫారం, ఆఖరి ఫారం. వేరే నవలైతే సర్దుకోవచ్చు. మిస్టరీకి ఆఖరి పదహారు పేజీలు లేకపోతే ఇంక చదివి లాభమేముంది. మార్జిన్లు కూడా చూడండి, ముందు చదివినవాళ్లు అనుమానితుల పేర్ల కింద గీతలు గీసి ఉంటే పక్కన పెట్టేయండి.

కొత్త పుస్తకం ఫుట్‌పాత్ మీద సగం ధరకే కనబడితే అది దొంగ ముద్రణ కావచ్చు. అట్ట మీది బొమ్మ మసకగా ఉంటుంది, కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు కనబడతాయి, కొన్ని పేజీల్లో ఇంకు వెలిసిపోయి ఉంటుంది. ఇలాంటివాటిలోనే ఫారాలు మాయమయ్యేది. రచయితకి రూపాయి వెళ్లదు, మీకు పూర్తి కథ అందుతుందన్న నమ్మకమూ లేదు.

లైబ్రరీలు పాతవాటికి పనికొస్తాయి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, పాత తెలుగు డిటెక్టివ్ నవలల కోసం ముందు అడగాల్సిన చోటు అదే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో లాంటి తెలుగు సిరీస్‌ల దగ్గర వరుస పట్టుకోవడం కష్టం. చాలా ప్రతుల్లో రీప్రింట్ సంవత్సరమే ఉంటుంది. అయితే కేసులు విడివిడిగా ఉంటాయి కాబట్టి దొరికినవి దొరికినట్టు చదివినా పెద్దగా పోయేదేమీ లేదు.

పేర్ల చీటీ

పెద్ద సిరీస్‌లో కొత్త పుస్తకం అంటే నలభై యాభై పేర్లు. మనకి పరిచయం లేని ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు. మనిషి ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ముద్దుపేరుతో వస్తాడు. నూటయాభయ్యో పేజీలో వీడెవడని వెనక్కి వెతుక్కోవడం మొదలైతే చదువు పాడైపోతుంది. అందుకే అరఠావు కాగితం ఒకటి మడిచి బుక్‌మార్క్‌గా పెట్టుకోండి.

దాంట్లో ఒక్కో మనిషికి ఒకే వరుస. పేరు, మొదట కనబడ్డ పేజీ, చనిపోయినవాళ్లతో సంబంధం, చెప్పని విషయం. ఈ నాలుగోదే ముఖ్యం. ఉదాహరణకి, ‘వంటమనిషి, పే. 23, ఆ రోజు సెలవు అంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పలేదు.’ ‘తమ్ముడు, పే. 41, ఊళ్లో లేనన్నాడు, ఎలా వచ్చాడో ఎవరూ అడగలేదు.’ అభిప్రాయాలు రాయకండి, మంచివాడు, అనుమానంగా ఉన్నాడు లాంటివి. రచయిత మీకు కలిగించాలనుకున్న అభిప్రాయమే మీరు రాస్తున్నారు, అది మిమ్మల్ని దారి తప్పించడానికే ఉంది. చూసినవి, విన్నవి, విననివి మాత్రమే రాయండి.

కాగితం వెనకవైపు అడ్డంగా ఒక గీత గీసి హత్య జరిగిన రోజు గంటలు వేసుకోండి. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నామన్నారో ఆ గీత మీద పెట్టండి. ఎవరి మాటకి ఇంకొకరి సాక్ష్యం ఉందో వాళ్లని గీతతో కలపండి. ఒంటరిగా మిగిలినవాళ్ల కంటే, ఒకరికొకరు మాత్రమే సాక్ష్యమైన జంటల మీద ఎక్కువ కన్నుండాలి.

ఎన్ని పేజీలు, ఎప్పుడు

నాలుగువందల పేజీల ఇంగ్లిష్ థ్రిల్లర్‌ని గంటకి ముప్ఫై నలభై పేజీల చొప్పున చదివితే పది నుంచి పదమూడు గంటలు. మొదటి యాభై పేజీలు ఒకే బిగిన చదవాలి. ముఖ్యమైన మనుషులంతా అక్కడే పరిచయమవుతారు, చీటీ సగం అక్కడే నిండుతుంది. దీనికి ఆదివారం మధ్యాహ్నం మంచిది. ఆ తర్వాతి భాగాన్ని ముక్కలుగా చదవొచ్చు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో కూర్చుంటే దాదాపు గంట, రెండు మూడు అధ్యాయాలు అయిపోతాయి. అమీర్‌పేటలో రైలు మారాల్సినవాళ్లు మాత్రం అధ్యాయం మధ్యలో ఇరుక్కుంటారు. అలాంటప్పుడు ప్రశ్నలడిగే సన్నివేశాన్ని మధ్యలో ఆపొద్దు. క్లూ ఎక్కువగా ఉండేది అక్కడే, సగం జవాబు ఇవాళ, సగం రేపు చదివితే రెండింటి మధ్య తేడా మనకి తెలియదు. ఆఖరి వంద పేజీలు మళ్లీ ఒకే బిగిన. రాత్రి పదిన్నరకి వాటిని మొదలుపెడితే మర్నాడు ఆఫీసు సంగతి ముందే ఆలోచించుకోండి.

రెండు వారాలకి మించి సాగదీస్తే చీటీ ఉన్నా లాభం లేదు. పేర్లు గుర్తుంటాయి, గొంతులు మర్చిపోతాం.

మనం పొరబడే చోట్లు

మంచి పాఠకులు కూడా హంతకుణ్ణి వదిలేసేది తెలివి తక్కువై కాదు, కథ జరిగే ఊరిని హైదరాబాద్‌లా ఊహించుకోవడం వల్ల. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి.

అంతస్తుల సంగతి తీసుకోండి. మనకీ బ్రిటన్‌కీ కింద ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో నేలమీదిదే ఫస్ట్ ఫ్లోర్. అమెరికన్ నవల్లో సాక్షి సెకండ్ ఫ్లోర్ కిటికీలోంచి చూశానంటే మన లెక్కలో ఒకటో అంతస్తు. ఆ ఎత్తు నుంచి మొహం గుర్తుపట్టొచ్చు, అవసరమైతే దూకొచ్చు కూడా. రెండంతస్తుల ఎత్తు అనుకుంటే అక్కణ్ణించి దూకి పారిపోయే మనిషిని మీరే జాబితాలోంచి కొట్టేస్తారు.

చీకటి ఇంకా పెద్ద చిక్కు. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా సూర్యాస్తమయం దాదాపు 5:40కీ 6:55కీ మధ్యే. అందుకే ‘రాత్రి తొమ్మిది’ అనగానే చీకటి అనేసుకుంటాం. ఎడిన్‌బరోలో జూన్ నెలలో పొద్దు గుంకేది రాత్రి పదికి. డిసెంబరులో మధ్యాహ్నం మూడూ నలభైకే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి చీకట్లో ఎవరినీ పోల్చుకోలేకపోయానన్న సాక్షి అబద్ధం చెబుతున్నాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకి తోటలో నడుస్తున్న ఆడమనిషి చీర రంగో కోటు రంగో చెప్పినవాడు కూడా అంతే. అధ్యాయం మొదట్లో నెల కనబడితే చీటీ మీద రాసుకోండి.

అక్కడ గడియారాలు కూడా మారతాయి. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం గంట ముందుకి, అక్టోబరు ఆఖరి ఆదివారం గంట వెనక్కి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. హత్య ఈ తేదీల చుట్టుపక్కల జరిగితే అలిబీలన్నీ, అంటే ఆ టైంలో వేరేచోట ఉన్నామని చెప్పినవన్నీ, ఇంకోసారి చూడాలి. తేదీ రాసే పద్ధతి కూడా అంతే, 3/4 అంటే బ్రిటన్‌లో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఉత్తరం మీది తేదీ క్లూ అయినప్పుడు ఇది మొత్తం కథని మార్చేస్తుంది.

పోలీసు హోదాలు మన లెక్కకి సరిపోవు. బ్రిటన్‌లో కానిస్టేబుల్, సార్జెంట్, ఇన్‌స్పెక్టర్, చీఫ్ ఇన్‌స్పెక్టర్, సూపరింటెండెంట్, ఆపైన చీఫ్ సూపరింటెండెంట్. పేరు ముందు ‘డిటెక్టివ్’ అని ఉంటే అది దర్యాప్తు విభాగం అని మాత్రమే, హోదా పెరిగినట్టు కాదు. అక్కడి సూపరింటెండెంట్‌ని మన జిల్లా ఎస్పీగా ఊహించుకుంటే అతనికి లేని అధికారమంతా అంటగడతాం. అరెస్టు గడువు మరీ ముఖ్యం. మన దగ్గర 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇంగ్లండ్‌లో అభియోగం మోపకుండా 24 గంటలు ఉంచుకోవచ్చు, పెద్ద నేరమైతే సూపరింటెండెంట్ దాన్ని 36 దాకా, కోర్టు 96 దాకా పొడిగించొచ్చు. కథలో హడావుడికి కారణం చాలాసార్లు ఈ గడియారమే. అది తెలిస్తే ఇన్‌స్పెక్టర్ తొందరపడి తప్పుడు మనిషిని ఎందుకు పట్టుకున్నాడో అర్థమవుతుంది.

క్లూ ఎక్కడ దాక్కుంటుంది

మిస్టరీ రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. మొదటిది, నేరస్థుడు కథ తొలి భాగంలోనే ప్రస్తావనకి రావాలి. ఇప్పటి రచయితలు మిగతా నియమాల్ని ఎంత ఉల్లంఘించినా దీన్ని ఎక్కువమంది పాటిస్తారు. కాబట్టి పుస్తకంలో మొదటి పావు భాగం అయ్యాక చీటీ కింద ఒక గీత గీయండి. ఆ గీత కింద చేరే పేర్లకి అనుమానంలో తక్కువ మార్కులు.

క్లూ ఒంటరిగా రాదు. జాబితాల మధ్యలో వస్తుంది: బల్లమీద కళ్లజోడు, సగం తాగిన టీ, మందుల సీసా, పాత పేపరు. మొదటిదీ ఆఖరిదీ మన కంట్లో పడతాయి, మధ్యవి జారిపోతాయి. లేదంటే క్లూ చెప్పిన వెంటనే ఫోన్ మోగుతుంది, ఎవరో కేక వేస్తారు. ఏదైనా మాట పూర్తయ్యేలోపు గొడవ మొదలైతే గొడవకి ముందున్న నాలుగు వరుసలు మళ్లీ చదవండి. ఈ ఒక్క అలవాటుతో దొరికేవి చాలా ఉన్నాయి.

సిరీస్‌కే సొంతమైన ఎత్తు ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి వస్తున్న మనుషుల్ని మనం నమ్ముతాం, వాళ్ల మాట సాక్ష్యంగా తీసుకుంటాం. పాత మనిషి తప్పు చేయకపోయినా పొరబడొచ్చు, ఎవరినో కాపాడొచ్చు. నాలుగైదు పుస్తకాల తర్వాత ఉన్నట్టుండి తిరిగొచ్చిన పాత స్నేహితుడుంటే అతనికి చీటీలో తప్పకుండా వరుస ఉండాలి.

మూడొంతులు అయ్యాక పుస్తకం మూసేయండి. చీటీ ముందు పెట్టుకుని ఎవరు, ఎలా, ఎందుకు అని మూడు జవాబులు రాయండి. ‘ఎవరు’ ఊహించడం సులువు. ‘ఎలా’ రాయలేకపోతే మీ దగ్గరున్నది అనుమానం మాత్రమే, ఏదో గంట లెక్క తప్పింది. గీత వేసిన వైపు మళ్లీ చూడండి. ఈ అరగంట దాటేసి నేరుగా ఆఖరికి పరిగెత్తేవాళ్లు పుస్తకంలో అత్యుత్తమమైన భాగాన్ని పోగొట్టుకుంటున్నారు.

కిండిల్‌లో చదివేవాళ్లకి

పేరు మీద వేలుపెట్టి వెతికితే మొత్తం పుస్తకంలోని ఫలితాలు వస్తాయి, ముందు పేజీల్లోవి కూడా. ‘వాడి శవం’ అన్న ముక్క అలాగే కనబడుతుంది. అందుకే ఈ-బుక్‌కి కూడా కాగితం చీటీయే మేలు. పాపులర్ హైలైట్స్ ఆపేయండి, పదిమంది గీత గీసిన వాక్యం అంటే క్లూ అని చెప్పేసినట్టే. కింద కనిపించే శాతాన్ని నమ్మకండి. తర్వాతి పుస్తకంలోంచి ఒక అధ్యాయం చివర్లో పెడుతుంటారు, కథ 92 శాతం దగ్గరే అయిపోవచ్చు. కాగితం పుస్తకంలోనూ ఇదే జరుగుతుంది, మిగిలిన మందం చూసి ఇంకో మలుపు ఉందనుకోవద్దు.

ఆడియో పుస్తకంగా వినడం సిరీస్‌లోని పాతవాటికి బాగుంటుంది. కొత్తదానికి వద్దు, వెనక్కి తిప్పి నాలుగు వరుసలు చూసుకోవడం కుదరదు.

పూర్తయ్యాక

అదే రోజు పాత చీటీ వెనక అయిదారు వరుసలు రాయండి. ఎవరు చనిపోయారు, ఎవరు బదిలీ అయ్యారు, డిటెక్టివ్ ఇప్పుడు ఏ ఇంట్లో ఎవరితో ఉన్నాడు, తేలకుండా మిగిలినవి ఏమిటి. తర్వాతి పుస్తకానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది, అప్పటికి హంతకుడి పేరు గుర్తుంటుంది గానీ అసిస్టెంటు ఎందుకు అలిగి వెళ్లిపోయిందో గుర్తుండదు. పుస్తకం ఎవరికైనా చదవడానికి ఇచ్చేటప్పుడు ఆ చీటీ తీసి మీ దగ్గరే పెట్టుకోండి.